నగరంలో వనభోజనానికి చోటు ఎలా చూసుకోవాలి?



చలికాలం మొదలయ్యేసరికి మన ఓ.పి.లో మందుల చీటీ అందుకుంటూనే చాలామంది ఒక మాట అడుగుతారు. “సిస్టర్, మా పెద్దాయన్ని పిక్నిక్‌కి తీసుకెళ్ళొచ్చా?” “బాబుకి జ్వరం తగ్గి వారమే అయింది, పార్కుకి పంపొచ్చా?” మేము చెప్పే జవాబు దాదాపు ఒకటే. తప్పకుండా తీసుకువెళ్ళండి. నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఉన్న మనిషికి చెట్టు గాలి తగలడం, నలుగురితో కూర్చుని భోంచేయడం ఎంతో మేలు. కాని ఎక్కడికి తీసుకువెళ్తున్నారు, అక్కడ ఎక్కడ కూర్చోబెడుతున్నారు అన్నది ముందుగా చెప్పండి అంటాము. ఈ నెల పాఠం దాని గురించే.

ఇది పుస్తకంలో చదివి నేర్చుకున్న పాఠం కాదు. కొన్నేళ్ళ క్రితం జనవరిలో స్త్రీల సమాజం వారితో కలిసి నలభై మందిమి హైదరాబాదులోని ఒక పార్కుకు వెళ్ళాము. ఆ పార్కు పేరు ఇక్కడ రాయడం లేదు. తప్పు పార్కుది కాదు, మాది. మాలో పన్నెండు మందిమి నర్సులం. అయినా ముందుగా వెళ్ళి ఆ చోటు చూసి వచ్చినవారు ఒక్కరూ లేరు. వ్యాను ఆలస్యమైంది. తీరా వెళ్ళాక ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. రెండోది పార్కుకు ఆ చివర ఉందని చెప్పారు. మాతో వచ్చిన అరవై ఎనిమిదేళ్ళ పెద్దమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, షుగరు. అంత దూరం నడవలేక, ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, ఆమె ఒక చిన్న ఉపాయం చేసింది. నీళ్ళు తాగడం మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అంతటితో ఆగలేదు. ఉదయం ఎనిమిదింటికి షుగరు మాత్ర వేసుకుని ఇడ్లీ తిన్నది. భోజనం పన్నెండున్నరకు అనుకున్నాము. ఆటలు, పాటలు అయ్యేసరికి రెండున్నర అయింది. అప్పటికి మేము కూర్చున్న చోట నీడ తప్పుకుని ఎండ పడుతోంది. పెద్దమ్మగారికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. మేమంతా వడదెబ్బ అనుకుని ముఖం మీద నీళ్ళు చల్లి విసరడం మొదలుపెట్టాము. మాలో అందరికంటే చిన్నది, రెండో సంవత్సరం చదివే అమ్మాయి, “మేడమ్, ఈవిడ షుగర్ పేషెంట్ కదా, భోజనం చేయలేదు కదా” అంది. గ్లూకోమీటరు వార్డులోనే ఉండిపోయింది. అర గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల పంచదార కలిపి తాగించాము. పావుగంటలో తేరుకుంది. మూడో రోజున మూత్రంలో మంట, చలిజ్వరంతో మన వార్డులోనే చేరింది. ఒక రోజంతా నీళ్ళు తాగకుండా, మూత్రం బిగబట్టుకుని కూర్చున్నందుకు ఆమె ఐదు రోజులు మంచం పట్టింది.

అప్పటినుండి మేము ఒక నియమం పెట్టుకున్నాము. ఎవరితో వెళ్ళినా, ఎంతమందిమి వెళ్ళినా, వారం ముందు ఇద్దరు వెళ్ళి చోటు చూసి రావాలి. అదే వారం రోజున, అదే వేళకు వెళ్ళాలి. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళబోయే పార్కును బుధవారం ఉదయం చూసి వస్తే ఏమీ తెలియదు. బుధవారం ఖాళీగా కనిపించిన చెట్టు కింద ఆదివారం మూడు కుటుంబాలు దుప్పట్లు పరచి ఉంటాయి.

మొదట చూడవలసినది పువ్వులు కాదు

చూడడానికి వెళ్ళినవారు లోపలికి అడుగు పెట్టగానే మరుగుదొడ్డి ఎక్కడ అని అడగాలి. ఉందా అని అడిగితే చాలదు. తీసి ఉందా, లోపల నీళ్ళు వస్తున్నాయా, తలుపుకు గడియ పడుతుందా, మెట్లు ఎన్ని ఎక్కాలి, ఇవన్నీ లోపలికి వెళ్ళి చూడాలి. తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగాలి. మన ఆడవాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు నీళ్ళు తాగకపోవడం ఒక అలవాటుగా పెట్టుకున్నారు. చిన్నప్పటినుండి తల్లులే నేర్పుతారు. గర్భిణీ స్త్రీకి, షుగరు ఉన్నవారికి, కిడ్నీలో రాళ్ళు ఉన్నవారికి ఈ అలవాటు ఎంత చేటు చేస్తుందో మేము వార్డులో చూస్తూనే ఉంటాము. ప్రోస్టేటు బాధ ఉన్న మగవారిదీ ఇదే సంగతి, వారు మాత్రం బయటికి చెప్పుకోరు. కనుక కూర్చునే చోటును పువ్వుల మడి చూసి కాకుండా మరుగుదొడ్డికి దగ్గర చూసి నిర్ణయించండి. మరీ పక్కనే కాదు, ఈగలు ముసురుతాయి. ముసలివారు నెమ్మదిగా నడిచినా మూడు నాలుగు నిమిషాల్లో చేరగలిగితే చాలు.

రెండవది, గేటునుండి ఆ చోటికి ఎంత దూరం. మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఎవరో వారిని మనసులో పెట్టుకుని నడవండి. దారిలో కూర్చోవడానికి బెంచీలు ఉన్నాయా? చక్రాల కుర్చీ గేటు దగ్గరి ఇనుప కడ్డీల మధ్యనుండి పడుతుందా? చాలా పార్కుల్లో స్కూటర్లు రాకుండా గేటు దగ్గర ఇరుకుగా కడ్డీలు పాతుతారు. వాటి గుండా కుర్చీ వెళ్ళదు. పక్కన పెద్ద గేటు ఉంటుంది, కాపలా మనిషిని ముందుగా అడిగి పెట్టుకుంటే తీస్తారు.

నీడ ఒక చోట నిలవదు

మేము చేసిన తప్పుల్లో ఎక్కువమంది చేసేది ఇదే. పదకొండు గంటలకు నీడ చూసి దుప్పటి పరుస్తారు. రెండు గంటలకు భోజనం వడ్డించే వేళకు అదే దుప్పటి మీద ఎండ. ఉదయం సూర్యుడు తూర్పున ఉంటాడు గనుక చెట్టు నీడ పడమటికి పడుతుంది. మధ్యాహ్నం తిరిగాక తూర్పుకు జరుగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి మన హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కూడా నీడ చెట్టుకు ఉత్తరంగా పడుతుంది. అందుచేత చలికాలంలో భోజనానికి చెట్టుకు ఈశాన్యం వైపు చోటు చూసుకోండి. వచ్చేసరికి అక్కడ కాస్త ఎండ ఉన్నా, తినే వేళకు నీడ మీ దగ్గరికే వస్తుంది. వయసు మళ్ళినవారికి పొద్దున పూట ఆ లేత ఎండ హాయిగానే ఉంటుంది.

చెట్లన్నీ ఒకటి కాదు. చింత, వేప, కానుగ, మర్రి, వీటి కింద నీడ చిక్కగా ఉంటుంది. తురాయి చూడ్డానికి ఎంత బాగున్నా వేసవిలో ఆకు తక్కువ, పూలు ఎక్కువ. నీలగిరి నీడను నమ్ముకోవద్దు. కార్తీక మాసంలో మన ఇరుగుపొరుగువారు ఉసిరి చెట్టు కింద వనభోజనాలు చేస్తారు. ఉసిరి ఆకు సన్నది, నీడ పలచన. అయినా కార్తీకం ఎండ కాబట్టి సరిపోతుంది. అదే ఉసిరి కింద మార్చిలో కూర్చుంటే తెలుస్తుంది! నిద్రగన్నేరు పెద్ద గొడుగులా నీడనిస్తుంది. కాని గాలివాన తరువాత రోజుల్లో దాని కొమ్మలు విరిగి పడుతుంటాయి. ఎండిన కొమ్మ పైన వేలాడుతుంటే ఏ చెట్టు కిందయినా కూర్చోవద్దు. ఉరుము వినిపిస్తే చెట్టు కింద ఒక్క నిమిషం కూడా నిలబడవద్దు, గట్టి కట్టడం లోపలికి వెళ్ళండి.

చింతచెట్టు అంటే ఈ నగరంలో ఒక సంగతి చెప్పుకోవాలి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు కింద కూర్చుని తినే పిల్లలకు ఆ కథ చెబితే కొమ్మలు విరవడం కొంచెం తగ్గిస్తారని మా ఆశ.

తల పైకెత్తి చూసినప్పుడు తేనెపట్టు కూడా చూడాలి. పెద్ద చెట్లకు, పాత కట్టడాల అంచులకు నల్లటి పెద్ద పట్టులు ఉంటాయి. వాటి దగ్గర పొగ, రాయి విసరడం ప్రమాదం. తేనెటీగలు లేస్తే చేతులు ఊపకుండా తలా ముఖమూ గుడ్డతో కప్పుకుని దూరంగా పరుగెత్తాలి. నీళ్ళలోకి దూకవద్దు. కుట్టిన ముల్లును ఆలస్యం చేయకుండా గోటితోనైనా గీకి తీసేయాలి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఒక్కసారిగా ఎన్నో ఈగలు కుట్టినా ఇంటి వైద్యం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

మన నగరంలో కొన్ని చోట్లు

నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌ను పాతవారు బాగ్-ఎ-ఆమ్ అంటారు. 1846లో నిజాం కాలంలో వేసిన తోట. నేల చదునుగా ఉంటుంది, చెట్లు పాతవి. నాంపల్లి రైల్వే స్టేషను దగ్గర, అసెంబ్లీ మెట్రో స్టేషను కూడా దగ్గరే. మెట్రోలో లిఫ్టు ఉంటుంది గనుక మోకాళ్ళ నొప్పులవారికి బస్సు మెట్ల బాధ తప్పుతుంది. ఆవరణలోనే రాష్ట్ర మ్యూజియం ఉంది, అందులో ఈజిప్టు మమ్మీని చూడ్డానికి పిల్లలు ఉత్సాహపడతారు. ఎండ ముదిరిన వేళ పిల్లలను అటు పంపి పెద్దవారు కాస్త నడుము వాల్చవచ్చు. పెద్దవారున్న కుటుంబాలకు మేము మొదట చెప్పేది ఈ తోటే.

దోమలగూడలోని ఇందిరా పార్కుకు 1975లో శంకుస్థాపన జరిగింది, 1978లో తెరిచారు. 76 ఎకరాలు. ఇక్కడ నడకకు వచ్చేవారు ఎక్కువ. పొద్దున్న, సాయంత్రం దారులన్నీ వారితో నిండి ఉంటాయి, దారి పక్కన దుప్పటి పరిస్తే వారికీ మీకూ ఇబ్బంది. లోపలికి వెళ్ళి కూర్చోండి.

హుస్సేన్‌సాగర్ ఉత్తరపు ఒడ్డున సంజీవయ్య పార్కు 92 ఎకరాల్లో ఉంది. మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టారు. పిల్లలు పరుగెత్తడానికి ఇంత విశాలమైన పచ్చిక నగరం నడిబొడ్డున దొరకడం కష్టం. అదే పేరుతో ఎం.ఎం.టి.ఎస్. స్టేషను ఉంది. రైళ్లు తక్కువ గనుక తిరుగు రైలు వేళ ముందే చూసుకోవాలి. రెండు జాగ్రత్తలు: గాలి చెరువు మీదుగా వచ్చే రోజున నీటి వాసన ఉంటుంది, ఆస్తమా ఉన్నవారు, వాంతుల నెలల్లో ఉన్న గర్భిణీలు ఒడ్డునుండి దూరంగా కూర్చోవాలి. నీటి అంచుకు పిల్లలు వెళ్ళకుండా ఒక మనిషిని అదే పనికి పెట్టాలి. “అందరం చూస్తున్నాం కదా” అనుకుంటే ఎవరూ చూడడం లేదని అర్థం.

జూ పార్కు మాట అందరూ అడుగుతారు. నెహ్రూ జూలాజికల్ పార్కును 1963లో మీర్ ఆలం చెరువు పక్కన తెరిచారు, 380 ఎకరాలు. సోమవారం సెలవు. ఇక్కడ అలసట మాట మరిచిపోతారు. పులి, సింహం అంటూ తిరిగి తిరిగి మధ్యాహ్నానికి తాత, నాయనమ్మ కదలలేని స్థితికి వస్తారు. గుండె జబ్బు, బి.పి. ఉన్నవారిని బ్యాటరీ బండిలో తిప్పండి, భోజనం గేటుకు దగ్గర పెట్టుకోండి. మిగిలిన అన్నం జంతువులకు వేయవద్దు. వాటికీ కడుపు నొప్పి వస్తుంది, చెప్పుకోవడానికి వాటికి ఓ.పి. లేదు.

జూబ్లీహిల్స్ కె.బి.ఆర్. పార్కు 1998లో జాతీయ ఉద్యానవనమైంది. అది నడిచి, నెమళ్ళను చూసి వచ్చే అడవి, అన్నం మూటలు విప్పే చోటు కాదు. వనస్థలిపురంలో కృష్ణజింకలున్న మహావీర్ హరిణ వనస్థలి కూడా అడవి శాఖ నియమాల కింద ఉన్నదే, వెళ్ళేముందు ఏమి తీసుకురానిస్తారో అడగండి. ఏ పార్కయినా వేళలు, టిక్కెట్లు, ప్లాస్టిక్ నియమాలు మారుతుంటాయి. పొయ్యి వెలిగించడానికి సాధారణంగా ఎక్కడా ఒప్పుకోరు. కాబట్టి వండుకుని తీసుకువెళ్ళాలి. అక్కడే అసలు చిక్కు వస్తుంది.

మూట కట్టిన అన్నం

వండిన పదార్థం చల్లారి మామూలు గాలిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. వేసవిలో ఒక గంటే. చోటు చూసుకోవడానికీ దీనికీ సంబంధం ఉంది. ఇల్లు ఆరింటికి వదిలి, నగరం ఆ చివరి పార్కుకు చేరి, చోటు వెతుక్కుని, రెండింటికి తింటే, తెల్లవారుజామున నాలుగింటికి వండిన కోడికూర వయసు ఎంత? పది గంటలు! ఆరాధన ముగిశాక బయలుదేరేవారు దూరపు పార్కు పెట్టుకోవద్దని మేము చెప్పేది ఇందుకే. దగ్గరి చిన్న పార్కు చాలు. పేరున్న పార్కే కావాలని పిల్లలు పట్టుబడితే ఉదయం నుండి సాయంత్రం దాకా ఖాళీ ఉన్న సెలవు రోజున వెళ్ళండి.

చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర పులుపు వల్ల కొంత నయం. చపాతీ, పచ్చడి, వేరుశనగ పొడి, కడిగి తుడిచిన అరటిపండ్లు, జామకాయలు మంచివి. కోసిన పుచ్చకాయ, కోసిన బొప్పాయి బయట కొనవద్దు. కోడిగుడ్లు ఉడికించి పెంకు తీయకుండా తీసుకువెళ్ళండి. బిర్యానీ తప్పదంటే పొగలు వచ్చేటప్పుడే మందపాటి డబ్బాలో మూత బిగించి పెట్టి, చేరగానే తినేయండి, ఆటలు తరువాత. వడ్డించేవారి వేలికి పుండు గాని, గోరుచుట్టు గాని ఉంటే వారు ఆ రోజు వడ్డించకూడదు. ఆ చీములోని క్రిములు అన్నంలో విషం పుట్టిస్తాయి, తిన్న ఒకటి నుండి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పెరుగన్నం పిల్లలకు ఇష్టమని తీసుకువెళ్ళేవారు పాలు ఎక్కువ పోసి చల్లటి పెరుగు కలిపి, ముందుగా అదే పెట్టేయండి. మిగిలితే ఇంటికి తేవద్దు.

నీళ్ళు ఇంటినుండే తీసుకువెళ్ళాలి. మనిషికి రెండు లీటర్లు అనుకోండి. పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి ఒక లీటరు నీటిలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్టు కలపడం తప్పు, ఉప్పు ఎక్కువవుతుంది. కలిపిన నీరు 24 గంటల తరువాత పారబోయాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు పల్లీలు, పాప్‌కార్న్ పరుగెత్తుతుండగా పెట్టవద్దు, గొంతుకు అడ్డం పడి వచ్చిన పిల్లలను మేము ఎత్తుకున్నాము.

షుగరు ఉన్నవారి సంచిలో పంచదార పొట్లం వేరుగా ఉండాలి. ఇన్సులిన్ సీసా కారులో వదలవద్దు, ఎండలో ఆగిన కారు పొయ్యి వంటిదే. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే ముందు తీపి నీళ్ళు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. మాత్రల వల్ల పడిపోయిన షుగరు తేరుకున్నాక కూడా మళ్ళీ పడిపోవచ్చు, కాబట్టి వెంటనే అన్నం పెట్టి, ఆ రోజే డాక్టరుగారికి చూపించాలి.

ఎముకలు, మాంసం ముక్కలు చుట్టుపక్కల పారేస్తే కుక్కలు చేరతాయి. మాకు తెలిసిన కుక్కకాట్లలో కొన్ని ఇలా వచ్చినవే. కరిస్తే, గీరినా సరే, సబ్బుతో ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వచ్చి టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. చిన్న పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది గనుక నిండు చేతుల చొక్కా వేయండి. గడ్డి మీద గాజుపెంకులు ఉంటాయి, చెప్పులు విడవనివ్వవద్దు.

ఆ పెద్దమ్మగారి సంగతి చెప్పి ముగిస్తాము. మరుసటి ఏడాది స్త్రీల సమాజం వారు మళ్ళీ పిక్నిక్ మాట ఎత్తినప్పుడు ఆమె రాదనుకున్నాము. చోటు చూసి రావడానికి వెళ్ళే ఇద్దరిలో తాను ఒకరినని పట్టుబట్టింది. పబ్లిక్ గార్డెన్స్‌లో కర్ర ఊతంతో గేటునుండి చెట్టు దాకా, చెట్టునుండి మరుగుదొడ్డి దాకా తానే నడిచి చూసింది. గడియ సరిగ్గా పడుతుందో లేదో రెండుసార్లు వేసి తీసింది. “ఇక్కడైతే నేను నీళ్ళు తాగుతానమ్మా” అంది. మేము ఆ చోటే ఖాయం చేశాము.